అన్నకు నేను అందించిన జవాబులు

ఆ రోజు శనివారం. మలేషియాలోని ఈపోలో, మా మైదానంలో రగ్బీ మ్యాచ్. సగం ఆట అయ్యేసరికి మేం రెండు పాయింట్లు వెనకబడి ఉన్నాం. మా అన్న సింహాద్రి ఆ జట్టుకి కోచ్. నేను ట్రైనర్‌ని, అంటే నీళ్లసీసాలూ ఐసు సంచులూ పట్టుకుని ఆట మధ్యలో మైదానంలోకి పరిగెత్తేవాణ్ణి. హాఫ్ టైమ్‌లో అన్న కుర్రాళ్లందరినీ గుండ్రంగా నిలబెట్టి మాట్లాడాడు. అవతలివాళ్లకి ఎడమవైపు మనుషులు పల్చగా ఉన్నారు, అటు కొట్టండి అన్నాడు. కిందికి వంగి కాళ్లు పట్టుకోండి అన్నాడు. ఆఖర్న కెప్టెన్ భుజం మీద ఒక్కటి చరిచి బాత్‌రూమ్‌కి వెళ్లాడు. తిరిగొచ్చి, అందరినీ మళ్లీ గుండ్రంగా నిలబెట్టి, అవే మాటలు మొదటినుంచీ చివరిదాకా చెప్పాడు. ఎడమవైపు పల్చగా ఉన్నారు. కిందికి వంగండి. కెప్టెన్ భుజం మీద మళ్లీ ఒక్కటి.

కుర్రాళ్లు నవ్వారు. కోచ్ సరదా చేస్తున్నాడనుకున్నారు. నేనూ నవ్వాను. నవ్వాక అన్న మొహం చూశాను. మేమెందుకు నవ్వుతున్నామో తనకి తెలియడం లేదు. కానీ ఆ రోజు మేం గెలిచాం. గెలిచిన రోజు ఎవరూ ఏదీ పట్టించుకోరు.

ఈ జబ్బు వచ్చింది అన్నకి. రాయవలసింది తను. రాయలేడు కాబట్టి నేను రాస్తున్నాను. నా పేరు అప్పన్న. నేను రచయితని కాను, తెలుగు అక్షరాలు బాగన్ దాతుక్‌లో ఆదివారం బడిలో నేర్చుకున్నాను. ఇది చదివి తప్పులు దిద్దింది ఆ బడిలో ఇప్పుడు పాఠం చెప్పే టీచరమ్మ. ఇంగ్లీషులో రాస్తే ఇంకా ఎక్కువమంది చదువుతారు గదా అని ఆవిడ అంది. కానీ నేను చేసిన తప్పు తెలుగులో చేశాను, అందుకని తెలుగులోనే రాస్తానన్నాను.

మా తాతలు శ్రీకాకుళం వైపునుంచి కొబ్బరి తోటల్లో పనికి వచ్చినవాళ్లు. మేమిద్దరం బాగన్ దాతుక్‌లో పుట్టాం. అన్న చిన్నప్పటినుంచీ భారీ మనిషి. హైస్కూల్‌కి ఈపో వచ్చాక రగ్బీ పట్టుకున్నాడు. మా దేశంలో రగ్బీ అంటే పదిహేను మంది ఆట. రగ్బీ లీగ్ వేరు, అది పదమూడు మందిది. బంతి పట్టుకున్న జట్టు ఆరుసార్లు పట్టుబడేలోగా ట్రై చెయ్యాలి, అంటే అవతలివాళ్ల గీత దాటి బంతిని నేలకి ఆనించాలి, లేకపోతే బంతి అవతలివాళ్లకి పోతుంది. అందులో అన్నది ప్రాప్ స్థానం, ఎనిమిదో నంబరు. పని ఒక్కటే. బంతి చంకలో పెట్టుకుని, ఎదురుగా నిలబడ్డ ముగ్గురి మీదికి నేరుగా పరిగెత్తడం. వాళ్లు పడగొడతారు. లేవడం, మళ్లీ పరిగెత్తడం. మిగతావాళ్లు ట్రైలు చేసి ఫోటోలు దిగుతారు.

ఆస్ట్రేలియానుంచి ఆడడానికి వచ్చిన ఒక జట్టు కోచ్ అన్నని చూసి తీసుకెళ్లాడు. అక్కడ ఉత్తరాన చెరకు పండే ఒక చిన్న ఊరి రగ్బీ లీగ్ క్లబ్బు అది. జీతం ఇచ్చి ఆడించారు. ఆడుకోవడానికి జీతం ఇస్తారంటే మా అమ్మ మొదట నమ్మలేదు, నమ్మాక తోటంతా చాటింపు వేసింది. అన్న ఒంటరిగా ఉన్నాడని నన్నూ వెనకాల పంపింది. నేను చక్కెర మిల్లులో పనికి కుదిరి, శని ఆదివారాల్లో ఫస్ట్ ఎయిడ్ కోర్సు చేశాను. క్లబ్బు వాళ్లు నాకు రంగు చొక్కా ఒకటి ఇచ్చి ట్రైనర్‌ని చేశారు. తొమ్మిదేళ్లు అన్న అక్కడ ఆడాడు. తొమ్మిదేళ్లూ నేను నీళ్లు మోశాను.

నేను వెళ్లిన ఏడాదే ఒక మ్యాచ్‌లో ఎదుటివాడి మోకాలు అన్న కణతకి తగిలింది. పడిపోయాడు. నేను పరిగెత్తాను. నా వెనకాల క్లబ్బు డాక్టర్ నడిచి వస్తున్నాడు, ముసలాయన, పరిగెత్తలేడు. తలకి దెబ్బ తగిలిన ప్రతివాణ్ణీ ఆయన అవే ప్రశ్నలు అడిగేవాడు. ఇది ఏ మైదానం? మొదటి సగమా, రెండోదా? చివరి ట్రై ఎవరు చేశారు? పోయిన వారం గెలిచామా? జవాబు చెప్పలేకపోతే కన్‌కషన్, అంటే మెదడు అదిరింది అని రాసి బయటికి పంపేస్తాడు. మూడు వారాలు ఆట లేదు. ఆ మూడు వారాల్లో ఇంకొకడు ఎనిమిదో నంబరు జెర్సీ వేసుకుంటాడు. వాడు బాగా ఆడితే జెర్సీ తిరిగి రాదు. జెర్సీ లేకపోతే కాంట్రాక్ట్ లేదు, కాంట్రాక్ట్ లేకపోతే మేం ఆ దేశంలో ఉండడానికే లేదు.

అన్న కళ్లు తెరిచి, "ఏ సగంరా?" అన్నాడు.

నేను సీసా నోటికి పెట్టి గబగబా చెప్పాను. "రెండోది. కడపటి ట్రై ఆళ్లది. పోయినవారం గెల్సినాం."

డాక్టర్ వచ్చి అడిగాడు. అన్న అన్నీ సరిగ్గా చెప్పాడు. డాక్టర్ మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని లేస్తూ, "వాడి కోసం ప్రార్థన చేస్తున్నావా?" అని నన్నడిగాడు. అవునన్నాను. ఆ రోజునుంచీ క్లబ్బులో నాకు ప్రీస్ట్ అని పేరు పడింది. అన్న కింద పడ్డప్పుడల్లా "ప్రీస్ట్‌ని పంపండి" అని బెంచీ మీదివాళ్లు అరిచేవాళ్లు.

ఇంటికి వెళ్లేటప్పుడు కారులో అన్న పగలబడి నవ్వాడు. "నాయనమ్మ మాట ఇక్కడ పనికొచ్చినాదిరా అప్పన్నా. ఒక్క తెల్లోడికీ తెలీదు."

నాకూ గర్వంగానే ఉండింది. అబద్ధం ఎందుకు చెప్పాలి. అన్న ఆటలో నాకూ ఒక వాటా దొరికిందనుకున్నాను. ఆ తర్వాత అలా ఎన్నిసార్లు చెప్పానో లెక్క పెట్టలేదు. పెట్టి ఉంటే ఎక్కడో ఒకచోట భయం వేసేదేమో.

ఆఖరి ఏడాది సెమీఫైనల్‌లో అన్న పడినప్పుడు కళ్లు తెరిచే ఉన్నాయి గానీ నన్ను చూడడం లేదు. జవాబులు రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. బడిపిల్లాడు అప్పజెప్పినట్టు డాక్టర్‌కి అప్పజెప్పాడు. తిరిగి వెళ్లి, పది నిమిషాల తర్వాత ఇద్దర్ని ఈడ్చుకుంటూ పోయి గెలిపించే ట్రై చేశాడు. ఆ ఊళ్లో అందరూ ఆ ట్రై గురించే మాట్లాడారు. దాని ఫోటో మా ఇంటి హాల్లో ఇప్పటికీ ఉంది. అన్నకి మాత్రం ఆ ట్రై గుర్తులేదు. ఇప్పుడు కాదు, ఆ మర్నాడే గుర్తులేదు. ఫోటో చూసి "ఇది నానేనా?" అని అడిగాడు. నీ బొజ్జ నీకు తెలీడం లేదా అని నేను ఎగతాళి చేశాను. ఆట అయ్యాక స్టాండ్ వెనక మూడుసార్లు వాంతి చేసుకున్నాడని డాక్టర్‌కి చెప్పలేదు.

ముప్ఫై ఏళ్లకే మోకాళ్లు అరిగిపోయి అన్న మలేషియా తిరిగొచ్చాడు, వెంట నేనూ వచ్చేశాను. పార్వతి వదినని పెళ్లి చేసుకున్నాడు. ఆమెది సుంగై సిపుట్, తెలుగు కుటుంబమే. మీనా పుట్టింది. అన్న బంతి ఒకటి సంచిలో వేసుకుని బడిబడికీ తిరిగి, పదిహేను మంది ఆట ఆడే పిల్లల్ని బతిమాలి పదమూడు మంది ఆట నేర్పాడు. మొదట్లో జట్టుకి సరిపడా మనుషులు ఉండేవాళ్లు కాదు, పదమూడోవాడిగా నన్ను నిలబెట్టేవాడు. కోచ్‌గా తన గొప్పంతా ఒక్కటే, ఏ కుర్రాణ్ణీ మర్చిపోడు. ఎవడి ఏ మోకాలు బలహీనమో, ఎవడి తండ్రి ఏ ఫ్యాక్టరీలో పని చేస్తాడో, ఎవడు ఇంట్లో తిట్లు తిని వచ్చాడో అన్నీ కంఠతా ఉండేవి. మలయ్, తమిళ, చైనీస్ కుర్రాళ్లు ఎంతోమంది తన చేతిలో ఆటగాళ్లయ్యారు. ముందు ఊడిపోయింది ఆ జ్ఞాపకమే.

ఆ శనివారం తర్వాత నేను కనిపెట్టి చూడడం మొదలుపెట్టాను. ప్రాక్టీస్‌లో పేరు పిలవబోయి ఆగిపోయేవాడు. "ఆ పొడుగోడా" అనేవాడు. నేను పక్కకి వచ్చి తెలుగులో పేరు చెప్పేవాణ్ణి. "ఆడు ఫైజల్. పక్కన ఉన్నోడు కుమార్." అన్న గట్టిగా "ఫైజల్" అని పిలిచేవాడు. ఎవరికీ తెలిసేది కాదు. ఎప్పుడూ ఎవర్నీ తిట్టనివాడు ఒకరోజు చేతిలో ఉన్న కాగితాల అట్ట రిఫరీ మీదికి విసిరాడు. ఎండ పడదు, తలనొప్పి. ఇంట్లో ఫోన్ ఫ్రిజ్‌లో దొరికింది. అప్పటికి తనకి యాభై నిండలేదు.

వదిన నా దగ్గరికి వచ్చింది. "నిన్న మూడుసార్లు తానం సేసినాడు మీ అన్న. ఎందుకు అని అడిగితే నా మీద సెయ్యెత్తినాడు. ఎన్నడైనా ఇన్నావా అప్పన్నా ఇలాటిది?"

"వయసు వదినా. మోకాళ్ల నొప్పికి నిద్ర లేదు గదా," అన్నాను.

"నిద్ర లేకపోతే మడిసి ఇలాగైపోతాడేటి? ఆస్పత్రికి తీసుకెళ్దాం. నువ్వు కూడా రావాలి."

వెళ్లాం. ఒక క్లినిక్‌లో కుర్ర డాక్టరమ్మ, మలయ్ అమ్మాయి, నెమ్మదస్తురాలు. అన్న ఆమె ఎదురుగా, నేను అన్న పక్కన, వదిన వెనక గోడ దగ్గర కుర్చీలో. జ్ఞాపకశక్తికి ముప్ఫై మార్కుల పరీక్ష ఒకటి ఉంటుందని డాక్టర్ చెప్పింది. ముందు పాత చరిత్ర అడిగింది. "రగ్బీ ఆడేవారు గదా, సింహాద్రి గారూ. కన్‌కషన్లు ఎన్ని?"

"ఒక్కటి కూడా లేదు డాక్టర్. రికార్డు చూసుకోండి," అన్నాడు అన్న.

నిజమే. రికార్డులో ఒక్కటి కూడా లేదు. తొమ్మిదేళ్లు ప్రాప్ ఆడిన మనిషికి ఒక్క కన్‌కషన్ కూడా రాయనివ్వకుండా చూసింది నేను. డాక్టర్ "నో హిస్టరీ ఆఫ్ కన్‌కషన్" అని పైకి చదువుతూ రాసుకుంది.

తర్వాత ఆమె మలయ్‌లో మూడు మాటలు చెప్పింది. గాజు, పిల్లి, నిచ్చెన. గుర్తుపెట్టుకోండి, కాసేపయ్యాక అడుగుతాను అంది. ఈ రోజు ఏ వారం అని అడిగింది. అన్న నా వైపు తిరిగాడు. ఆ చూపు నాకు తెలుసు. పచ్చగడ్డి మీద వెల్లకిలా పడి చూసే చూపు అది. నా నోరు దానంతట అదే కదిలింది. "బుదవారం," అన్నాను, గొణుగుతున్నట్టు. ఏ నెల, ఏ ఊరు, ఏ అంతస్తు. ఆ మూడు మాటలూ అడిగినప్పుడు తెలుగులో చెప్పాను, అన్న వాటిని టకటకా మలయ్‌లోకి మార్చి అప్పజెప్పాడు. ఆ తెలివి ఇంకా ఉంది.

డాక్టర్ అనుమానంగా చూసింది. "ఆయనకి తెలుగే సులువా?"

"అవును డాక్టర్. అడిగినదానికి అర్థం చెబుతున్నానంతే."

ఇరవై ఏడు వచ్చాయి. గడియారం బొమ్మ కూడా గీయమంది, అది మాత్రం నేను గీసి పెట్టలేను గదా, అక్కడ మార్కులు పోయాయి. "నార్మల్ రేంజ్," అంది ఆమె. "డిప్రెషన్ ఉండొచ్చు, నిద్ర లేకపోవడం ఉండొచ్చు. మాత్రలు రాస్తాను. ఏడాది తర్వాత మళ్లీ చూద్దాం." ఆ అమ్మాయి తప్పు ఏమీ లేదు. ఆమె ముందున్న కాగితం ప్రకారం ఆమె సరిగ్గానే చెప్పింది.

బయటికొచ్చి ముగ్గురం రోటీ చనాయ్ తిన్నాం. అన్న టీ తాగుతూ నా వీపు మీద చరిచి, "బాగా ఆడినావురా," అన్నాడు. వదిన తన రోటీ ముక్కలు చేస్తూ తల వంచుకుని కూర్చుంది. నాకు ఊపిరి పీల్చుకున్నట్టైంది. పాపిష్టివాణ్ణి, నిజంగా సంతోషించాను.

ఆ ఇరవై ఏడుని పట్టుకుని ఏడాదిన్నర గడిపాం. అన్న మరో సీజన్ కోచ్‌గా చేశాడు, అంటే నేను చేశాను, తను నిలబడ్డాడు. వదిన మళ్లీ ఆస్పత్రి మాట ఎత్తినప్పుడల్లా నేను "నార్మల్ అన్నారు గదా" అనేవాణ్ణి. కారు అన్నే నడిపేవాడు.

మా మేనమామ పోయాడని తెలిసి అందరం బాగన్ దాతుక్ బయల్దేరాం. నేను వెనకాల మోటార్‌సైకిల్ మీద వస్తున్నాను, వాళ్లిద్దరూ ముందు కారులో. హుతాన్ మెలింతాంగ్ దాటాక ఒక కూడలి ఉంది. పుట్టినప్పటినుంచీ తెలిసిన దారి. వదిన తర్వాత చెప్పింది, అన్న కూడలి మధ్యలో కారు ఆపి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, "ఇది ఏ ఊరు పార్వతీ?" అని అడిగాడట. ఆమె జవాబు చెప్పేలోగా పామాయిల్ గెలల లారీ ఆమె కూర్చున్న వైపు తగిలింది.

నేను వెళ్లేసరికి అన్న రోడ్డు పక్కన నిలబడి ఉన్నాడు, ఒంటి మీద గీత కూడా లేదు. పోలీసాయనతో మర్యాదగా, తనకి మ్యాచ్ ఉందని, ఆలస్యమవుతోందని చెబుతున్నాడు. వదినని కారులోంచి తీయడానికి తలుపు కోయాల్సి వచ్చింది. తొడ ఎముక రెండుచోట్ల విరిగింది. రెండు ఆపరేషన్లు చేశారు, లోపల స్టీలు రాడ్ వేశారు. ఇప్పుడు కర్ర లేకుండా నడవలేదు, ఇక నడవదు కూడా.

వదిన వార్డులో ఉండగానే అన్నని పెద్దాసుపత్రిలో న్యూరాలజిస్ట్ దగ్గరికి పంపారు. నడివయసు చైనీస్ డాక్టర్. నేను అలవాటుగా అన్న పక్క కుర్చీ లాక్కున్నాను.

"మిస్టర్ అప్పన్న, ప్లీజ్ వెయిట్ అవుట్‌సైడ్," అంది.

"ఆయనకి తెలుగు..."

"ఇంటర్‌ప్రెటర్ కావాలంటే నేను పిలిపిస్తాను."

బయట బెంచీ మీద కూర్చున్నాను. ముప్పావు గంట పట్టింది. లోపలినుంచి డాక్టర్ గొంతు వినిపించేది, తర్వాత ఏమీ వినిపించేది కాదు, మళ్లీ డాక్టర్ గొంతు. ఆ మధ్య నిశ్శబ్దాల్లో అన్న తలుపు వైపు చూస్తుంటాడని నాకు తెలుసు. అంతకంటే కష్టమైన ముప్పావు గంట నా బతుకులో లేదు. పదకొండు వచ్చాయి.

రక్తపరీక్షలు చేశారు, థైరాయిడ్, విటమిన్లు అన్నీ బాగానే ఉన్నాయి. ఎమ్ఆర్ఐ తీశారు. మెదడు ముందుభాగమూ పక్కలూ కుంచించుకుపోయాయని డాక్టర్ చూపించింది. తర్వాత నన్ను ఒక్కణ్ణే పిలిచి రెండు కాగితాలు పక్కపక్కన పెట్టింది. "ఇరవై ఏడు. ఇప్పుడు పదకొండు. ఏడాదిన్నరలో ఇంతలా పడిపోవడం నాకు నమ్మబుద్ధి కావడం లేదు. మొదటిసారి ఆయన పక్కన ఎవరు కూర్చున్నారు?"

చెప్పాను. అదొక్కటే చెబుదామనుకున్నాను గానీ, మొదలుపెట్టాక తొమ్మిదేళ్లూ బయటికొచ్చాయి. మైదానం, సీసా, ముసలి డాక్టర్, ప్రార్థన, అన్నీ. ఆమె పెన్ను కింద పెట్టేసింది.

"ఎన్నిసార్లు?"

"తెలీదు డాక్టర్."

"పది?"

"ఇరవై దాటి ఉంటాయి."

పాత కాగితంలో కన్‌కషన్ లేదన్న వరుస ఆమె ఒక గీతతో కొట్టేసింది. తల దెబ్బల వల్ల మెదడు పాడయ్యే సిటిఇ అనే జబ్బు ఉంటుందని, మనిషి పోయాక మెదడు పరీక్షిస్తే గానీ అది అవునో కాదో తేల్చి చెప్పలేరని, ఇప్పటికి డిమెన్షియా, తలకి పదేపదే తగిలిన దెబ్బల వల్ల కావచ్చు అని రాస్తున్నానని చెప్పింది. ముందే వచ్చి ఉంటే నయమయ్యేదా అని అడిగాను. "లేదు. నయం చేసే మందు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. మీకు అబద్ధం చెప్పను. కానీ అప్పుడే తెలిసి ఉంటే కారు తాళాలు ఆయన చేతిలో ఉండేవి కావు."

ఆ మాట నాకు రోజూ వినిపిస్తుంది. వదిన కర్ర నేల మీద ఆనిన ప్రతిసారీ వినిపిస్తుంది.

జ్ఞాపకానికని ఒక మాత్ర ఇచ్చారు. అది వేసుకుంటే వాంతులు, నెల తర్వాత ఆపేశారు. నిద్రకి ఇంకొకటి ఇచ్చారు, ఆ మత్తులో బాత్‌రూమ్‌లో పడి నుదురు చీరుకున్నాడు. ఇంకో దెబ్బ, అదీ తలకే. కోపం తగ్గడానికి ఇచ్చిన మాత్ర కొంచెం పనిచేసింది. ఈపో క్లబ్బువాళ్లు ఒక జ్ఞాపిక ఇచ్చి, దండ వేసి, మర్యాదగా సెలవిచ్చారు. ఆ తర్వాత మంగళవారం అన్న బూట్లు వేసుకుని ప్రాక్టీస్‌కి తయారయ్యాడు. కాదంటే ఏడ్చాడు. నేను తీసుకెళ్లి గట్టు మీద కూర్చోబెట్టేవాణ్ణి. ఒకరోజు నేను నీళ్ల పంపు దగ్గరికి వెళ్లి వచ్చేలోగా మైదానంలోకి దిగి, బంతి పట్టుకుని వస్తున్న కుర్రాడికి అడ్డం పడ్డాడు. అన్న పక్కటెముక విరిగింది. ఆ కుర్రాడు చేసేదేమీ లేక తల పట్టుకుని ఏడుస్తూ కూర్చున్నాడు. మైదానానికి వెళ్లడం ఆ రోజుతో సరి.

ఇంత జరిగినా వదినకి మాత్రం నేను నిజం చెప్పలేదు. డాక్టర్‌కి చెప్పగలిగినవాణ్ణి ఆమెకి చెప్పలేకపోయాను. చెబితే గడప తొక్కనివ్వదని భయం. నాకు పెళ్లి లేదు, పిల్లల్లేరు. పొద్దున్నే వెళ్లి అన్నకి స్నానం చేయించి అన్నం పెట్టడం ఒక్కటే నాకు మిగిలింది. అది పోతే నేను ఏ మొహం పెట్టుకుని బతకాలో తెలియలేదు. అలా నాలుగు నెలలు ఆమె చేతి కూడు తిన్నాను. ఆమె కర్ర గోడకి ఆనించి, ఒంటికాలి మీద నిలబడి వండిన కూడు.

ఒకరోజు మధ్యాహ్నం వదిన వంటింట్లో కుర్చీలో కూర్చుని మునగాకు దూస్తోంది. అన్న హాల్లో నిద్రపోతున్నాడు. ఇంక ఆగలేకపోయాను.

"వదినా, ఆ మొదటి క్లినిక్‌లో నాను..."

"నాకు తెలుసు," అంది.

"పెద్దాసుపత్రి డాక్టరమ్మ సెప్పినాదా?"

"డాక్టరమ్మ సెప్పడమేటి? నాను ఎనకాల కుర్చీలో కూకోలేదా. నాకు మాత్రం తెలుగు రాదేటి?" ఆకు దూయడం ఆపలేదు. "బుదవారం అన్నావు. ఇన్నాను. పిల్లి అన్నావు, నిచ్చెన అన్నావు. అదీ ఇన్నాను."

"మరి ఆపలేదేం వదినా?"

వదిన దూసిన ఆకు గిన్నెలోకి తోసింది. "గాజు ఒకటి మిగిలిపోయినాది. అది నువ్వు మర్సిపోతావేమోనని నాను లోపల్లోపల అనుకుంటన్నాను. గాజు, గాజు, గాజు అని. నువ్వు సెప్పేదాకా నాకు ఊపిరి అందనేదు." అప్పుడు నా వైపు చూసింది. కళ్లలో నీళ్లు లేవు. "నాకూ ఆ ఇరవై ఏడే కావాలిరా అప్పన్నా."

నేను ఏడ్చాను. ఆమె ఊరుకోబెట్టలేదు. కాసేపయ్యాక బియ్యం కడగమంది. కడిగాను. క్షమించానని ఆమె ఇప్పటికీ అనలేదు. నన్ను వెళ్లిపొమ్మనీ అనలేదు. ఆ మాట మేం మళ్లీ ఎత్తుకోలేదు.

అన్నకి ముందు ఇంగ్లీషు పోయింది, తర్వాత మలయ్, ఆ తర్వాత తమిళం. మిగిలింది నాయనమ్మ నేర్పిన తెలుగు ఒక్కటే. పగలు చూసుకునే సెంటర్‌లో చేర్చాం. అక్కడ పనిచేసే పిల్లలు మంచివాళ్లే గానీ దాహం అన్నా, నొప్పి అన్నా వాళ్లకి తెలీదు. అన్న అరుస్తాడు, వాళ్లు భయపడతారు. రెండు వారాలకే తిరిగి పంపేశారు. మీనా కౌలాలంపూర్‌లో ఉద్యోగం చేస్తోంది, నెలకోసారి వస్తుంది. తెలుగు వింటే అర్థమవుతుంది, మాట్లాడలేదు. మేమే నేర్పలేదు. పోయినసారి నా దగ్గర నాలుగు వాక్యాలు ఫోన్‌లో ఇంగ్లీషు అక్షరాలతో రాసుకుంది. "నాన్నా, అన్నం తిన్నావా?" అని చదివింది. అన్న సంతోషించి, ఎన్నాళ్లకో ఒక పెద్ద మాట చెప్పాడు, తోటలో వాన పడుతోందని, మీ అమ్మని గొడుగు తెమ్మని. మీనా ఫోన్ కింద దాకా వెతికింది. దానికి జవాబు అందులో లేదు. బయట మెట్ల మీదికి వెళ్లి కూర్చుంది.

నన్ను చూసి "ఎవురు బాబూ నువ్వు?" అంటాడు. కొన్నాళ్లు పేరు చెప్పాను. ఇప్పుడు చెప్పడం లేదు, చెప్పి ఏం లాభం. సాయంత్రమైతే కోపం వస్తుంది, గోడలు తోస్తాడు. ఆ బలం ఇంకా పోలేదు. డాక్టర్ దగ్గరికి ఆరు నెలలకోసారి వెళ్తాం. ఇంకా దిగుతుంది అంటుంది, పైకి వస్తుందని ఒక్కసారి కూడా అనలేదు. కోలుకున్నవాళ్ల కథలు చదివే పాఠకులకి నా దగ్గర అలాంటి కథ లేదు, క్షమించండి.

చెప్పగలిగింది ఒక్కటే. మీ ఇంటి మనిషిని జ్ఞాపకశక్తి పరీక్షకి తీసుకెళ్తే, మీరు ఇంట్లో చూసిందంతా ముందే ఒక కాగితం మీద రాయండి. మూడుసార్లు స్నానం, ఫ్రిజ్‌లో ఫోన్, ఎప్పుడో తగిలిన దెబ్బలు, సిగ్గనిపించేవి కూడా రాయండి. అది డాక్టర్ చేతికిచ్చి మీరు బయటికి వచ్చేయండి. నోరు మూసుకుని లోపలే కూర్చుంటాం అనుకోవద్దు, కూర్చోలేరు. తలుపు మూసేముందు మీవాళ్లు మీ వంక చూస్తారు. చూసినా వచ్చేయండి.